పిట్ట కొంచెం, లెన్సు ఘనం

పక్షుల ఫొటోగ్రఫీకి అతి పెద్ద అడ్డంకి పక్షులేనని నేను ఎంతో కాలంగా మొత్తుకుంటున్నాను. లెన్సుల విషయంలో మనిషి చేయవలసిందంతా చేశాడు. బరువు తగ్గించాడు, ఫోకస్ మోటార్ల చప్పుడు మాన్పించాడు, ఆకుల సందున పిట్ట కన్ను ఎక్కడుందో కెమెరా తనంతట తానే వెతికి పట్టుకునేలా చేశాడు. పక్షుల వైపు నుంచి మాత్రం ఇసుమంత సహకారం లేదు. ఇప్పటికీ కొమ్మకు అవతలి పక్కనే కూర్చుంటాయి, వెలుతురుకు వీపు పెడతాయి, ఫోకస్ కుదిరిన క్షణాన రెట్ట వేసి ఎగిరిపోతాయి. ఇంత బాధ్యత లేని ప్రాణులను నమ్ముకుంటే ఏ కళా బాగుపడదు. అందుకే మూడేళ్లుగా వాటి జోలికి పోకుండా, ఏ లెన్సు కొనాలన్న ఒక్క విషయం మీదే మనసు లగ్నం చేశాను.

ఈ మూడేళ్లలో ఒక్క పిట్టనైనా ఫొటో తీశావా అని అడిగేవాళ్లున్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని సామెత కూడా గుర్తుచేస్తారు. ఆ సామెతలో సోమలింగం తండ్రి చేసిన తప్పేమిటో నాకు ఎప్పుడూ బోధపడలేదు. పుట్టబోయేవాడి పేరు ముందే ఖాయం చేసుకున్నవాడు దూరదృష్టి గలవాడు. దూరదృష్టి కోసమే కదా టెలిఫొటో!

ముందుగా తూకం సంగతి. లెన్సుల బరువును గ్రాముల్లో చెప్పడం వల్ల కొనేవాళ్లకు విషయం తలకెక్కడం లేదు. ఊరపిచ్చుక సుమారు 30 గ్రాములుంటుంది. దాన్నే తూనికరాయిగా వాడితే అంతా తేటతెల్లమవుతుంది. లెన్సు పేరులో మిల్లీమీటర్లు పెరిగేకొద్దీ పిట్ట దగ్గరవుతుంది, ఎఫ్ పక్కనున్న అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ వస్తుంది. కెనాన్ 2018లో తెచ్చిన 600 మిల్లీమీటర్ల ఎఫ్/4 లెన్సు 3,050 గ్రాములు, అంటే నూరు పిచ్చుకలు. అదీ ముందు తరం లెన్సుతో పోలిస్తే ముప్పై పిచ్చుకల మేర చిక్కిపోయాక. అదే కంపెనీ 1993లో తెచ్చిన 1200 మిల్లీమీటర్ల ఎఫ్/5.6 లెన్సు 16.5 కిలోలు: అయిదువందల యాభై పిచ్చుకలు. 14 మీటర్ల కన్నా దగ్గరగా ఉన్న దేనినీ అది పట్టించుకోదు. పెద్దవాళ్ల పద్ధతే అంత. సిగ్మావారి 200-500 ఎఫ్/2.8 కూడా పదిహేను కిలోలు దాటిన వంశంలోదే. దానికి ఒళ్లంతా ఆకుపచ్చ రంగు పూశారు, చూసిన పక్షులు పొద అనుకుంటాయని కాబోలు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అన్న పెద్దలు వీటిని చూసి ఉంటే ఇంకా పెద్ద అస్త్రం పేరు వెతుక్కునేవారు.

ఇంత బరువెందుకని అడగవద్దు. 600ను 4తో భాగించండి, 150 వస్తుంది. వెలుతురు లోపలికి వెళ్లే ద్వారం వెడల్పు 150 మిల్లీమీటర్లు ఉండి తీరాలి, ముందున్న అద్దం అంతకన్నా చిన్నది కావడానికి వీల్లేదు. భౌతికశాస్త్రం దగ్గర బేరాలు కుదరవు. ఎఫ్/6.3తో సరిపెట్టుకుంటే ద్వారం 95 మిల్లీమీటర్లకు దిగుతుంది, మోసేవాడి భుజం బతికిపోతుంది. బదులుగా ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే కొలత, పెంచేకొద్దీ బొమ్మ గరుకవుతుంది) 1600 దగ్గర జరగవలసిన పని 4000 దగ్గర జరుగుతుంది. ఎఫ్/11 దాకా వెళితే 12800. సరిగ్గా అక్కడిదాకా వెళ్లి కెనాన్ 2020లో 800 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి చేసింది. 1,260 గ్రాములు, నలభై రెండు పిచ్చుకలు, చేతిలో ఇట్టే ఇమిడిపోతుంది. దాని అపర్చర్, అంటే ఆ వెలుతురు ద్వారం, ఎఫ్/11 దగ్గరే బిగించి ఉంటుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం నిక్షేపంగా పనిచేస్తుంది. పిట్టలు చురుగ్గా తిరిగేదేమో తెల్లవారుతూనే, మళ్లీ పొద్దువాలాక. తప్పెవరిదో ఇక్కడా విడమరిచి చెప్పనక్కరలేదు.

మధ్యాహ్నమే వస్తాయనుకుందాం. వేడెక్కిన నేల మీద గాలి వణుకుతుంది. వంద మీటర్ల అవతల నిలబడ్డ కొంగ, పారే నీళ్ల అడుగున ఉన్నట్టు వంకర్లు పోతుంది. ఎంత గొప్ప అద్దమైనా మధ్యలో ఉన్న గాలిని సాపు చేయలేదు. ఫోకల్ లెంగ్త్, అంటే ఆ మిల్లీమీటర్ల లెక్క, పెరిగి ఇంకా దూరపు కొంగలపై ఆశ పుట్టేకొద్దీ వణికే గాలి కూడా పెరుగుతుంది. అలాంటప్పుడు విజ్ఞుడు చేయవలసింది లెన్సును తిట్టి ఇంకా పొడుగైనదాని కోసం వెతకడమే. ఆడలేక మద్దెల ఓడన్నాడని ఎగతాళి చేస్తారు గాని, ఆ మద్దెలను ఎవరైనా పరీక్ష చేయించారా?

ఫోకల్ లెంగ్త్ మార్చుకోగల జూమా, ఒకే చోట బిగించి ఉండే ప్రైమా అన్న తగాదాలో నేను తటస్థుణ్ణి. తటస్థంగా ఉంటే రెండు పక్షాలతోనూ పోట్లాడవచ్చు. టామ్రాన్, సిగ్మా, సోనీ, నికాన్, అందరూ 600తో ముగిసే జూములు చేశారు. వాటిని కొన్నవాళ్లు మొదటి రోజు 600కు తిప్పి, ఇక ఆ రింగును మళ్లీ ముట్టుకోరు. నిజానికి జూము ఉన్నదే వెనక్కి తిప్పడానికి. ఆ సంగతి ఒక లెన్సును వారం రోజులకు అరువు తెచ్చుకున్నప్పుడు తెలిసింది.

ఎదురుగా చెట్టు, చెట్టు మీద పచ్చగా ఏదో పిట్ట, కంటికి స్పష్టంగా కనిపిస్తోంది. లెన్సెత్తాను. ఆకు కనిపించింది. కొద్దిగా పక్కకు జరిపితే ఇంకో ఆకు. చేయి చాచి రెండు వేళ్లు అడ్డం పెడితే ఎంత చోటు మూతపడుతుందో, 600 మిల్లీమీటర్ల లెన్సుకు కనిపించే ప్రపంచం ఇంచుమించు అంతే. ఆ రెండు వేళ్ల వెడల్పులో మొత్తం చెట్టును దువ్వుకుంటూ పోవాలి. లెన్సు దించి చూస్తే పిట్ట అక్కడే ఉంది. ఎత్తి చూస్తే ఆకు, పుల్ల, ఆకాశం, సాలెగూడు, మళ్లీ ఆకు. సాలెగూడు మీద ఫోకస్ అద్భుతంగా కుదిరింది, అది ఒప్పుకుంటాను. నాలుగోసారి తోక దొరికింది. తోక వెంబడి పైకి వెళ్లేసరికి పిట్ట లేదు, ఊగుతున్న కొమ్మ ఉంది. 200 దగ్గర పెట్టి పిట్టను నడిమధ్యకు తెచ్చుకుని, అప్పుడు 600కు తిప్పవలసింది. మూడేళ్ల అధ్యయనంలో ఈ ముక్క ఏ పట్టికలోనూ కనబడలేదు.

ఇక చిన్న సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) వాదులు. 400 మిల్లీమీటర్ల లెన్సును ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ కెమెరాకు తగిలిస్తే 600 అయిపోతుందని వాళ్ల నమ్మకం. అయ్యేదేమీ లేదు, అంచులు తెగిపోతాయి. కాగితం అంచులు కత్తిరించినంత మాత్రాన అక్షరాలు పెద్దవి కావు. ఆ చిన్న చోటులో పిక్సెళ్లు ఎక్కువగా కుక్కి ఉంటే పిట్ట మీద కాసిని ఎక్కువ పడతాయి, నిజమే, కాని నిజాలతో ఇలాంటి చర్చలు ముగిసిపోతాయి కాబట్టి దీన్ని పెద్దగా ప్రచారం చేయరాదు. లెన్సుకూ కెమెరాకూ మధ్య తగిలించే టెలికన్వర్టర్ సంగతి మరీ సులువు. రెండింతలది పెడితే పిట్ట రెండింతలవుతుంది, వెలుతురు నాలుగో వంతవుతుంది, లెన్సులోని లోపాలు కూడా రెండింతలై దర్శనమిస్తాయి. స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది, పిట్టను ఆపదు. ఎగిరే పిట్టకు సెకనులో రెండువేలవ వంతు షటర్ స్పీడ్ కావాలి, ఆ వేగంలో చేతి వణుకుకు పెద్దగా తావే ఉండదు.

ఇంత నిష్ఠగా సాగుతున్న నా కృషికి ఇంట్లోనే దెబ్బ తగిలింది. మా మేనల్లుడి దగ్గర పాత 300 మిల్లీమీటర్ల లెన్సు ఉంది. పూత ఊడిపోయింది, ఫోకస్ రింగు తిప్పితే గరగరమంటుంది. దాని పేరు మా చర్చల్లో ఎత్తడమే అమర్యాద. వాడు ఒకరోజు ఫొటో ఒకటి తెచ్చి చూపించాడు. లకుముకి పిట్ట, నోట్లో అడ్డంగా చేప, ముక్కు కొనన జారబోతున్న నీటి బొట్టు.

“ఎంత దూరం నుంచి తీశావురా?” అన్నాను.

“ఆరు మీటర్లుంటుంది, మామయ్యా.”

“ఆరా! పారిపోలేదూ?”

“మొదటి నాలుగు రోజులు పారిపోయింది. రోజూ ఆ కొయ్య మీదే వాలుతోందని కనిపెట్టి, చీకటితోనే వెళ్లి గుడ్డ కప్పుకుని కూర్చున్నాను. అయిదో రోజు నుంచి నన్ను లెక్కచేయడం మానేసింది.”

“మరి ఫొటో?”

“తొమ్మిదో రోజు పొద్దున.”

మందలించక తప్పలేదు. దగ్గరికి వెళ్లి తీయడమంటే పరీక్షలో పుస్తకం తెరిచి చూసి రాయడమే. పైగా తొమ్మిది రోజులు! ఆ తొమ్మిది రోజుల్లో నేను పదకొండు లెన్సుల పదును పట్టికలు పోల్చాను, నాలుగింటిని వడపోశాను, వాటిలో రెండింటిని మళ్లీ లోపలికి రానిచ్చాను. వాడేం చేశాడు? కూర్చున్నాడు.

వాడు ఊరుకోకుండా కాగితం మీద లెక్క కూడా వేశాడు. పదిహేను సెంటీమీటర్ల పిచ్చుక, పదిహేను మీటర్ల దూరం, 600 మిల్లీమీటర్ల లెన్సు: సెన్సర్ మీద పిచ్చుక పొడవు 6 మిల్లీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 కాబట్టి చట్రంలో ఆరో వంతు. అదే పిచ్చుక, పది మీటర్ల దూరం, 400 మిల్లీమీటర్ల లెన్సు: మళ్లీ 6. “అంటే, మామయ్యా, అయిదు మీటర్లు ముందుకు జరిగితే 200 మిల్లీమీటర్ల లెన్సు ఊరికే దొరికినట్టు” అన్నాడు. ఆ కాగితాన్ని మడిచి సొరుగు అడుగున దాచాను. లెన్సుల వ్యాపారం మీద ఎన్ని కుటుంబాలు ఆధారపడి ఉన్నాయో వాడికేం తెలుసు?

దగ్గరికి వెళ్లి తీసే ఈ మోసానికి చరిత్ర కూడా ఉంది. లెన్సుల తయారీదారు డాల్‌మేయర్ ఇంగ్లండులో 1891లోనే టెలిఫొటో లెన్సుకు పేటెంటు తీసుకున్నాడు. అయినా అదే దేశానికి చెందిన రిచర్డ్, చెర్రీ కియర్టన్ అన్నదమ్ములు, బోలుగా చేసిన ఎద్దు బొమ్మ కడుపులో దూరి పక్షుల ఫొటోలు తీశారు. ఎద్దులో ఎంతసేపు నిలబడవచ్చు, ఊపిరి ఎలా ఆడుతుంది, వీపు ఎక్కడ పట్టేస్తుంది అనే విషయాల మీద చూపిన శ్రద్ధ మూల మూలన పదును మీద చూపి ఉంటే ఎంత బాగుండేది! అదే దేశపు పక్షుల ఫొటోగ్రాఫర్ ఎరిక్ హోస్కింగ్ ఇంకా దగ్గరికి వెళ్లాడు. 1937లో గుడ్లగూబ దాడి చేసి ఆయన ఎడమ కన్ను పోగొట్టింది. ఆయన ఆ తరువాత దశాబ్దాల పాటు ఒంటికంటితోనే పక్షులను ఫొటోలు తీశాడు. దూరంగా నిలబడి పొడుగు లెన్సుతో తీయాలన్న నా వాదానికి ఈ వ్యాసం మొత్తంలో నిక్కచ్చిగా పనికొచ్చే ఉదాహరణ ఇదొక్కటే.

ఇంకో ఉదాహరణ ఉంది గాని, దానితో హాస్యమాడను. గూటికి అడ్డుగా ఉన్నాయని కొమ్మలు విరిచేవాళ్లు, ఫోనులో కూత వినిపించి పొదిగే పిట్టను బయటికి లాగేవాళ్లు కొందరున్నారు. వాళ్లకు మాత్రం 1200 మిల్లీమీటర్ల లెన్సు ఇప్పించి, ఆ పదహారున్నర కిలోలు పగలంతా మోయించాలి.

అరువు లెన్సు గడువు చివరి రోజున దాని అసలు పరీక్ష, మూలల్లో పదును పరీక్ష, పెట్టుకున్నాను. ఇటుక గోడ, గట్టి ట్రైపాడ్, రిమోట్. గోడకు లెన్సు సరిగ్గా లంబంగా ఉండేలా సరిచూసుకోవడానికే గంట పట్టింది. నడిమి ఇటుకలు కత్తిలా వచ్చాయి. కుడి మూలలు రెండూ బాగున్నాయి, ఎడమ పై మూల బాగుంది. ఎడమ కింది మూలకు వచ్చేసరికి ఊరపిచ్చుక ఒకటి వచ్చి సరిగ్గా అక్కడే, ఇటుకల సందులో గడ్డిపోచ దూరుస్తూ వేలాడింది. అరుస్తున్నట్టు నోరు తెరిచింది. పక్కవాటు వెలుతురులో గొంతు కింది నల్లమచ్చలో ఈక ఈకా విడివిడిగా కనిపిస్తోంది. చప్పట్లు కొట్టాను, కదల్లేదు. రిమోట్ నొక్కాక గాని ఎగరలేదు. పరీక్షకు కావలసిన ఇటుకలు రెండు దాని వీపు వెనక ఉండిపోయాయి. ఆ ఫొటో తుడిచేసి మళ్లీ తీశాను. అనుమానించినట్టే, ఎడమ కింది మూల కొంచెం మెత్తగా ఉంది.