ఆరుగురిని చేర్చమనే ఫార్వర్డ్‌కు ఒక మోటార్ మెకానిక్ జవాబు

మా ఊరి గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, రొయ్యల రైతుల గ్రూపు, చివరికి మా చిన్నాయన పెళ్లి పనుల కోసం పెట్టిన గ్రూపు. ఈ నెలలో నాలుగింటిలోనూ ఒకే మెసేజ్ తిరిగింది. చాంతాడంత ఉంది, మధ్యమధ్యలో పువ్వుల బొమ్మలు. సరుకు కొని చేరి, ఇంకొందరిని చేర్చే గొలుసు వ్యాపారంలోకి రమ్మనే మెసేజ్ అది. సారాంశం ఇది: ఉద్యోగం కూడా పిరమిడ్డే, పైన ఎండీ, కింద అటెండరు. మంచి హోటల్ గురించి నలుగురికి ఊరికే చెప్తావు, అదే చెప్పి డబ్బు తీసుకుంటే తప్పేంటి? ఆరుగురిని చేర్చు చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు. ప్రభుత్వం 2021లోనే దీన్ని చట్టబద్ధం చేసింది. ఇప్పుడు అందరూ గొప్పగా చెప్పుకునే అఫిలియేట్ మార్కెటింగ్ (మన లింకుతో ఎవరైనా కొంటే మనకు కమీషన్ రావడం) కూడా ఇదే. వద్దన్నవాడు జన్మంతా ఇంకొకరి దగ్గర చాకిరీ చేస్తాడు.

నాకు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. రొయ్యల చెరువుల మీద నీటికి గాలి అందించే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే నా దగ్గరికి తెస్తారు. రెండేళ్ల కిందట మా అక్క మొగుడు అచ్చంగా ఈ మాటలే నాకు చెప్పాడు. నేను చేరలేదు. ఆ తర్వాత అఫిలియేట్ వైపు కొద్దిగా చెయ్యి పెట్టాను. అందుకే ఈ మెసేజ్‌కు జవాబు రాసే అర్హత కాస్త ఉందనుకుంటున్నాను.

"ఉద్యోగం కూడా పిరమిడ్డే."

ఆకారం ఒక్కటైతే పనీ ఒక్కటేనా? మా వైపు రొయ్యల ప్లాంట్లకు తెల్లారకముందే ఆటోల్లో వెళ్లే ఆడవాళ్లను అడగండి. తలలు తీసినందుకు వాళ్లకు కూలి వస్తుంది. చేరేరోజు ఎనిమిది వేల రూపాయల రొయ్యలు కొనమని ఎవరూ అనరు. ఇంకో ఆరుగురు కూలీలను తెస్తేనే నీ కూలి పెరుగుతుందనీ అనరు. కంపెనీలో అటెండరుకు పైనుంచి కిందికి జీతం వస్తుంది. ఇక్కడ కిందివాడు కట్టిన డబ్బు పైకి పోతుంది.

"ఆరుగురిని చేర్చు చాలు."

ఈ మాట దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం. మా బావ కూడా ఇక్కడే ఎక్కువసేపు కూర్చున్నాడు, నా బిల్లు పుస్తకం తిరగేసి దాని మీద సున్నాలు చుడుతూ. నువ్వు, నీ కింద ఆరుగురు, వాళ్ల కింద ముప్పై ఆరు, తర్వాత 216, తర్వాత 1,296. అక్కడ పెన్ను ఆపి నా మొహంలోకి చూశాడు. వాళ్లకు నేర్పేది అక్కడిదాకానే కాబోలు.

ఆయన వెళ్లాక నేను అదే కాగితం మీద లెక్క కొనసాగించాను. అయిదో వరసలో 7,776. ఆరో వరసలో 46,656. ఏడులో 2,79,936. ఎనిమిదిలో 16,79,616. తొమ్మిదో వరసకు 1,00,77,696 మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత నెల్లూరు జిల్లాలో 29.6 లక్షల మంది, పాత ప్రకాశంలో దాదాపు 34 లక్షల మంది ఉన్నారు. తడ నుంచి మార్కాపురం దాకా ఉయ్యాల్లో పిల్లలతో సహా అందర్నీ చేర్చినా ఆ తొమ్మిదో వరస నిండదు.

ఇంకో సంగతి ఈ లెక్కలోనే ఉంది. ఎనిమిదో వరసతో ఆగిందనుకోండి. మొత్తం చేరినవాళ్లు ఇరవై లక్షల చిల్లర. అందులో పదహారు లక్షల ఎనభై వేల మంది ఆఖరి వరసలో ఉంటారు, వాళ్ల కింద ఒక్కడూ ఉండడు. అంటే నూటికి ఎనభై మూడు మంది. మూడో వరసలో ఆగినా దాదాపు అంతే, పదో వరసలో ఆగినా అంతే. ఆరుగురి లెక్కన నడిచే ఏ గొలుసైనా ఎక్కడ తెగినా, ఆరుభాగాల్లో అయిదు భాగాల మంది అడుగునే మిగులుతారు. వాళ్లు బద్ధకస్తులు కావడం వల్ల వచ్చిన బాధ కాదిది. అందరూ చెమటోడ్చి పనిచేసినా ఇదే లెక్క.

అసలు అంతదాకా పోనే పోదు లెండి. మా బావ గొలుసు రెండో వరసలోనే తెగింది. ఆయన మాట విని చేరినవాళ్లలో ఒకరు మా అక్క ఆడపడుచు, ఒకరు ఆయన పాత క్లాస్‌మేట్, మరొకరు పక్కింటి టీచరమ్మ. చేరేటప్పుడు కొన్న ప్రొటీన్ పొడి డబ్బాలు చాలాకాలం వాళ్ల అటక మీదే ఉన్నాయి. ఆ టీచరమ్మ ఇప్పటికీ మా అక్కను చూస్తే పలకరిస్తుంది గానీ, ముందులా ఇంట్లోకి రాదు.

"మంచి హోటల్ గురించి ఊరికే చెప్తావు కదా."

చెప్తాను. నెల్లూరులో చేపల పులుసు ఎక్కడ బాగుంటుందని బయటి ఊరివాళ్లు అడిగితే దారి కూడా చెప్పి పంపిస్తాను. వాళ్లు నా మాట నమ్మేది అందులో నాకేమీ మిగలదు కాబట్టే. మిగిలేదుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. మా బావ ఫోన్లో ఏమన్నాడంటే, "నీతో చిన్న పనుందబ్బయా, సాయంత్రం షాపులోనే ఉంటావా?" నేను మోటారు రిపేరు అనుకున్నాను. టై కట్టుకున్న ఇంకో మనిషిని వెంటబెట్టుకుని దిగాడు.

"ప్రభుత్వం 2021లో చట్టబద్ధం చేసింది."

2021 డిసెంబరులో కేంద్రం డైరెక్ట్ సెల్లింగ్ (షాపు లేకుండా నేరుగా మనుషుల ద్వారా అమ్మడం) నిబంధనలు తెచ్చిన మాట నిజమే. వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చాయి. ఈ మెసేజ్ పంపేవాళ్లు వాటిని ఒక్కసారి చదివితే బాగుండు. డైరెక్ట్ సెల్లింగ్ ముసుగులో పిరమిడ్ స్కీమ్ నడపడం, అందులో మనుషులను చేర్చడం వాటి ప్రకారం నిషేధం. చేరడానికి ప్రవేశ రుసుము తీసుకోకూడదు. చేరినవాడు మనసు మార్చుకుంటే జరిమానా లేకుండా తప్పుకోవడానికి కొంత గడువివ్వాలి. నాకు బాగా నచ్చిన ముక్క ఇంకొకటుంది: అమ్మేవాడు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా కొనేవాడి ఇంటికి పోకూడదు. మాట మొదలుపెట్టగానే తానెవరో, ఏ కంపెనీ తరఫున వచ్చాడో, ఎందుకొచ్చాడో అడక్కుండానే చెప్పాలి. "చిన్న పనుంది" అని చెప్పి రావడం ఇందులో ఎక్కడ ఇముడుతుందో మీరే చూసుకోండి.

గొలుసు పథకాలను నిషేధించే చట్టం 1978 నుంచే ఉంది, ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం. 2021 నిబంధనలు వచ్చాయని అది రద్దు కాలేదు. వస్తువు అమ్మి బతికే వ్యాపారానికి అడ్డు లేదు. మనుషులను చేర్చుకుంటూ పోయి బతికే వ్యాపారానికే అడ్డు.

"అఫిలియేట్ కూడా ఇదే."

ఏరేటర్ మోటారులో బేరింగు మార్చడం, వైండింగు కాలిందో లేదో మీటరుతో చూడడం, ఇలాంటివి ఫోన్లో వీడియోలు తీసి పెడుతుంటాను. చాలామంది "అన్నా, ఆ మీటర్ ఎక్కడ దొరుకుతుంది" అని అడిగేవాళ్లు. అలా అమెజాన్ అఫిలియేట్‌లో చేరాను. చేరడానికి రూపాయి కట్టలేదు. డబ్బా ఏదీ కొనలేదు. నా లింకు నొక్కి ఎవరైనా మీటర్ కొంటే నాకు కొద్ది శాతం కమీషన్ వస్తుంది, కొన్నవాడికి ధర పెరగదు. వాడు నా కింద చేరడు, వాడి కింద ఇంకొకడు చేరడు. అమ్మకం అయింది, లెక్క తీరింది. వీడియో కింద "ఈ లింకుతో కొంటే నాకు కమీషన్ వస్తుంది" అని రాస్తాను. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అలా బయటపెట్టమనే చెప్తున్నాయి.

అలాగని దీంతో మేడలు కడతామనుకోకండి. చేరిన 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు జరక్కపోతే ఖాతా మూసేస్తారు. లింకు నొక్కినవాడు ఒక్కరోజులోపు కార్టులో వేసుకోకపోతే మనకేమీ రాదు. ఎనిమిది నెలల్లో నాకు వచ్చింది 2,340 రూపాయలు. సీజన్‌లో రెండు మోటార్లు చుడితే అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. అయినా నాకు టెన్షన్ లేదు, ఎవరి అటక మీదా నా డబ్బాలు లేవు.

ఇక్కడొక జాగ్రత్త. "అఫిలియేట్ నేర్పిస్తాం, అయిదు వేలు కట్టండి" అనేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. కట్టి లోపలికి పోతే అమ్మాల్సింది ఆ అయిదు వేల కోర్సునే, ఇంకొకరికి. అది మా బావ గొలుసే, పేరు మార్చుకుని వచ్చింది. ఏ పథకమైనా నేను ఒకటే అడుగుతాను: కొత్తగా ఎవరూ చేరకపోతే ఈ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది? మీటర్ కావాల్సిన రైతు జేబులోంచి అయితే సరే.

"వద్దన్నవాడు చాకిరీ చేస్తాడు."

దీనికి జవాబు అక్కర్లేదు. వద్దనడం ఎలాగో మాత్రం చెప్తాను. కారణాలు చెప్పకండి. డబ్బుల్లేవంటే, అందుకే చేరాలంటారు. టైం లేదంటే, రోజుకు రెండు గంటలు చాలంటారు. మాట్లాడడం రాదంటే, శిక్షణ ఇస్తామంటారు. ప్రతిదానికీ వాళ్లకు ముందే పాఠం ఉంటుంది. నేను టీ తెప్పించి, "బావా, ఈ పని నేను చేయను. అక్క ఎట్లుంది?" అన్నాను. మూడుసార్లు అదే మాట. నాలుగోసారి ఆయన అడగలేదు.

పోయిన వారం మా బావే ఫోన్ చేశాడు. చెరువు మోటారు రెండుసార్లు కాలిందని, సొంతంగా కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ కొనుక్కుంటానని, నా లింకు పంపమన్నాడు. మామూలు లింకు పంపాను.

"ఇది నీది కాదే, నీకు కమీషన్ రాదా?"

"చుట్టాలు కొంటే ఇవ్వరు బావా. రూలు."

కాసేపు అవతల ఏ శబ్దమూ లేదు.

"చుట్టాలకు అమ్మకూడదంటే, అదేం బిజినెస్ అబ్బయా?"