కంపెనీ గల్లా వేరు, ఇంటి గల్లా వేరు: బ్రిటన్ కాంట్రాక్టర్ల పన్ను లెక్కలు

రెడింగ్‌లోనో హౌన్స్లోలోనో తెలుగువాళ్లు కలిసే పుట్టినరోజు విందుల్లో, ఉద్యోగం మానేసి కాంట్రాక్టులోకి దిగాలనుకుంటున్నవారు ఒకరైనా కనిపిస్తారు. ఐదేళ్లు వీసా స్పాన్సర్ చేసిన సంస్థలోనే పనిచేసి, ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) చేతికి వచ్చాక సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని రోజుకింత అని రేటు మాట్లాడుకోవడం అక్కడి ఐటీ రంగంలో మనవాళ్లు చాలామంది నడిచిన దారి. అలా బయల్దేరేవారు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘కంపెనీ మీద ఏమేం ఖర్చులు రాసుకోవచ్చు?’ లాప్‌టాప్, ఫోన్, రైలు టికెట్లు, కారు, ఇంటి అద్దెలో కొంత, ఇల్లాలికి జీతం అంటూ జాబితా సాగుతుంది. అడగవలసిన ప్రశ్నే అది, కాకపోతే వరుసలో మూడోదో నాలుగోదో కావాలి. దానికి ముందున్న రెండు ప్రశ్నలను దాటవేసి కంపెనీ పెట్టినవారు తర్వాత ఇబ్బంది పడటం నేను చాలాసార్లు చూశాను.

మొదట తేల్చుకోవలసింది ఐఆర్ 35. 2000 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన సారాంశం ఇది: మధ్యలో ఉన్న కంపెనీని పక్కన పెట్టి చూసినప్పుడు ఆ పని చేస్తున్న మనిషి క్లయింటుకు ఉద్యోగిలాగే కనిపిస్తే, వచ్చిన సొమ్ముపై ఉద్యోగి కట్టే పన్నులే కట్టాలి. ఆ సంగతి నిర్ణయించే బాధ్యత ఒకప్పుడు కాంట్రాక్టరు కంపెనీదే. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వ రంగంలోనూ, 2021 ఏప్రిల్ 6 నుంచి ప్రైవేటు రంగంలోని మధ్యతరహా, పెద్ద సంస్థల్లోనూ అది క్లయింటు చేతికి వెళ్లింది. చిన్న సంస్థకు పనిచేస్తే మాత్రం ఆ నిర్ణయమూ, అది తప్పితే వచ్చిపడే బాకీ కూడా ఇప్పటికీ కాంట్రాక్టరువే.

కాంట్రాక్టు కాగితంలో ‘మీ బదులు మరొకరిని పంపవచ్చు’ అన్న వాక్యం ఉంటే చాలని కొందరి ధీమా. వివాదం వచ్చినప్పుడు కాగితంతో పాటు పని నిజంగా ఎలా జరిగిందో కూడా చూస్తారు. ఉదయం తొమ్మిదిన్నరకు రోజూ స్టాండప్ కాల్‌లో హాజరు పలికి, సెలవు కావాలంటే మేనేజరుకు మెయిల్ పెట్టి, ఒక ప్రాజెక్టు ముగియగానే వాళ్లు చూపించిన రెండో ప్రాజెక్టులో కూర్చునే మనిషిని ఆ ఒక్క వాక్యం కాపాడలేదు. ఈ చట్టం తీరుపై నాకు గట్టి అభ్యంతరం ఉంది. సొంత కంపెనీ ద్వారా పనిచేస్తూ ఐఆర్ 35 పరిధిలోకి వచ్చిన మనిషికి పన్ను లెక్కలో ఉద్యోగి హోదా వస్తుంది, క్లయింటు నుంచి జీతంతో కూడిన సెలవు గానీ, జబ్బు చేస్తే సిక్ పే గానీ, పింఛను గానీ రావు. పన్నుకు ఉద్యోగి అయినవాడు హక్కులకు కాకపోవడం న్యాయం కాదు. అయినా చట్టం ఉన్నంతకాలం లెక్క దాని ప్రకారమే వేసుకోవాలి. దాని పరిధిలోకి వచ్చే కాంట్రాక్టు ఒక్కటే చేతిలో ఉన్నవారికి కంపెనీ పెట్టడం వల్ల పన్నులో మిగిలేది దాదాపు ఏమీ లేదు.

పరిధికి బయట ఉన్నవారికైనా ఎంత మిగులుతుందో ఒకసారి వేసి చూద్దాం. ఇంగ్లండ్‌లో ఉంటూ రోజుకు 400 పౌండ్ల చొప్పున ఏడాదికి 220 రోజులు పనిచేస్తే 88,000 పౌండ్లు. 2026–27 రేట్ల ప్రకారం డైరెక్టరు జీతంగా 12,570 తీసుకుంటే దానిపై ఆదాయపు పన్ను లేదు, కంపెనీ కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంపై పడే సామాజిక భద్రతా చందా) మాత్రం 1,136 పౌండ్లు ఉంటుంది. అకౌంటెంటు ఫీజు, బీమా, ప్రయాణాల కింద 4,000 తీసేస్తే లాభం 70,294. తొలి 50,000కు 19 శాతం, ఆపై భాగానికి మార్జినల్ రిలీఫ్ (మధ్యస్థ లాభాలకు ఇచ్చే తగ్గింపు) పోగా 26.5 శాతం చొప్పున కార్పొరేషన్ ట్యాక్స్, అంటే కంపెనీ లాభంపై పన్ను, సుమారు 14,878 అవుతుంది. మిగిలిన 55,416ను మొత్తం డివిడెండ్‌గా తీసుకుంటే మొదటి 500కు పన్ను లేదు, బేసిక్ శ్లాబులో 10.75 శాతం, ఆపైన 35.75 శాతం కలిసి మరో 10,333 పోతుంది. చివరికి ఇంటికి వచ్చేది 57,650. అదే 88,000 అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టరును తన ఉద్యోగిగా చూపి జీతం ఇచ్చే మధ్యవర్తి సంస్థ) ద్వారా పూర్తి జీతంగా వస్తే, యజమాని వాటా నేషనల్ ఇన్సూరెన్స్ కూడా అందులోంచే పోగా, చేతికి సుమారు 55,300 అందుతుంది. అంబ్రెల్లా వాళ్ల కమీషను, అప్రెంటిస్‌షిప్ లెవీ కూడా కలుపుకుంటే తేడా ఏడాదికి మూడు వేల చిల్లర ఉంటుంది. 2016లో 5,000 పౌండ్లు ఉన్న డివిడెండ్ మినహాయింపు నేడు 500. పదేళ్ల కిందట కంపెనీ పెట్టి లాభపడిన అన్నయ్యలు చెప్పే సలహాలు ఆ కాలానికి నిజమే కావచ్చు, ఈ కాలానికి అతకవు.

రెండో ప్రశ్న, ఆ డబ్బు ఎవరిది అన్నది. మన ఊళ్లలో కిరాణా కొట్టు నడిపే మనిషి సాయంత్రం గల్లాపెట్టె లోంచి వెయ్యి రూపాయలు తీసి కూరగాయలు కొంటే అడిగేవారు లేరు, ఆ కొట్టూ ఆయనా చట్టం దృష్టిలో ఒకరే. లిమిటెడ్ కంపెనీ అలా కాదు. వాటాలన్నీ మీవే అయినా కంపెనీ వేరే వ్యక్తి, దాని గల్లా దానిదే. అందులోంచి మీకు సొమ్ము రావాలంటే జీతంగానో, పన్ను పోగా మిగిలిన లాభంలోంచి డివిడెండ్‌గానో, మీరు పెట్టిన ఖర్చుకు తిరిగి చెల్లింపుగానో రావాలి. ఈ మూడింట్లో ఏదీ కాకపోతే అది మీరు కంపెనీకి పడిన అప్పు.

ఈ తేడా తెలియక దెబ్బతినేది ఎక్కువగా మొదటి ఏడాదే, అందుకు గడువులు అమరిన తీరు కూడా కారణం. 2026 జూన్ 15న కంపెనీ పెట్టి ఆ రోజే పని మొదలుపెట్టారనుకుందాం. తొలి లెక్కలు 2027 జూన్ 30 దాకా సాగుతాయి. పన్ను కాలం పన్నెండు నెలలు దాటకూడదు కాబట్టి ఆ ఒక్క పద్దుకే రెండు కార్పొరేషన్ ట్యాక్స్ రిటర్నులు వేయాలి, ఒకటి జూన్ 14 వరకు, రెండోది మిగిలిన పదహారు రోజులకు. మొదటి దాని పన్ను 2028 మార్చి 15 నాటికి, రెండో దానిది ఏప్రిల్ 1 నాటికి కట్టాలి. అంటే ఏడాదిన్నరకు పైగా ప్రభుత్వానికి చెందవలసిన సొమ్ము మీ కంపెనీ ఖాతాలో కళ్లెదుట కనిపిస్తూ ఉంటుంది. ఆ సమయంలోనే శంకర్‌పల్లిలో ప్లాటు ఉందని ఊరి నుంచి ఫోన్ వస్తుంది, అడ్వాన్సు రేపటికల్లా కావాలంటారు.

ఖాతాలోంచి 20,000 పౌండ్లు అలా హైదరాబాద్ వెళ్లాయంటే అది డైరెక్టరు అప్పుగా నమోదవుతుంది. పద్దు ముగిసిన తొమ్మిది నెలల ఒక రోజులోగా తిరిగి జమ కాకపోతే కంపెనీ దానిపై 35.75 శాతం, అంటే 7,150 పౌండ్లు అదనంగా కట్టాలి. అప్పు తీర్చాక ఆ సొమ్ము వెనక్కి వస్తుంది, అదీ తీర్చిన పద్దు ముగిసి తొమ్మిది నెలలు గడిచాకే. అప్పు 10,000 దాటి వడ్డీ లేనిదైతే మీరు పొందిన సౌకర్యంగా లెక్కించి మీ మీద వేరే పన్ను వేస్తారు. వ్యాట్‌దీ ఇదే కథ. పన్నెండు నెలల టర్నోవరు 90,000 దాటితే నమోదు తప్పనిసరి, పై లెక్కలోని మనిషి మరో ఆరు రోజులు పనిచేస్తే చాలు దాటేస్తాడు. ఆ తర్వాత ఇన్‌వాయిస్‌పై వసూలు చేసే 20 శాతం ఒక్కరోజు కూడా మీది కాదు. కంపెనీ పెట్టిన రోజే రెండో ఖాతా తెరిచి, సొమ్ము వచ్చినప్పుడల్లా పన్ను వాటా అందులోకి మళ్లించడం కంటే మంచి ఏర్పాటు నాకు కనిపించలేదు.

ఇక ఖర్చులు. చట్టం అడిగేది ఒక్కటే: అది పూర్తిగా, కేవలం వ్యాపారం కోసమే పెట్టినదా? 1983లో ఒక బారిస్టరు, కోర్టుకు తప్పనిసరి అయిన నల్లదుస్తుల ఖర్చును మినహాయించమని అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి ఓడిపోయారు. ఆ బట్టలు ఒంటిని కప్పే అవసరాన్ని కూడా తీరుస్తున్నాయని న్యాయమూర్తులు అన్నారు. ఇంటర్వ్యూకు కొన్న సూటు సంగతి దీంతోనే తేలిపోతుంది. క్లయింటుకు పెట్టించిన భోజనానికి కంపెనీ డబ్బు ఇవ్వవచ్చు, పన్నులో మినహాయింపు రాదు. కంపెనీ పేరు మీద తీసుకున్న ఒక మొబైల్, పనికి కావలసిన లాప్‌టాప్, వృత్తి బీమా, ఉన్న నైపుణ్యాన్ని పెంచే శిక్షణ, ఇంట్లో పనిచేసినందుకు వారానికి 6 పౌండ్లు, వీటిలో వివాదం లేదు. కంపెనీ పెట్టక ముందు ఏడేళ్లలోపు వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చులకు కూడా చోటు ఉంది.

ప్రయాణ ఖర్చుల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఐఆర్ 35కు బయట ఉండి, తాత్కాలికమైన చోటికి వెళ్లి పనిచేస్తుంటే ఛార్జీలు కంపెనీ ఇవ్వవచ్చు. పని సమయంలో 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఒకేచోట గడుపుతూ అది 24 నెలలు దాటుతుందని తెలిస్తే, ఆ చోటు తాత్కాలికం కాకుండా పోతుంది. చాలామంది గమనించని మాట ‘తెలిస్తే’. రెడింగ్ నుంచి లండన్‌లోని కెనరీ వార్ఫ్‌కు పద్దెనిమిది నెలల కాంట్రాక్టుపై వెళ్తున్న మనిషికి, పదహారో నెలలో మరో ఏడాది పొడిగింపు మెయిల్ వచ్చి ఆయన ఒప్పుకున్నాడనుకోండి. రైలు ఛార్జీల మినహాయింపు ఆ రోజే ఆగిపోతుంది, ఇరవై నాలుగో నెల దాకా కాదు.

వీటన్నింటి విలువ ఎంతో కూడా చూడాలి. పై లెక్కలోని మనిషి మరో 100 పౌండ్లు ఖర్చు రాస్తే కార్పొరేషన్ ట్యాక్స్ 26.50 తగ్గుతుంది. ఖర్చు చేయకుండా డివిడెండ్‌గా తీసుకుని ఉంటే అన్ని పన్నులూ పోయి చేతికి 47 పౌండ్లు వచ్చేవి. అవసరమైన వస్తువైతే 100 పౌండ్లది 47కే దక్కినట్టు. అవసరం లేకుండా, పన్ను మిగులుతుందని కొన్నదైతే ఆ 47 పౌండ్లూ వృథాగా పోయినట్టు.

భార్యాభర్తల విషయంలో ఒక తీర్పు గుర్తుంచుకోదగినది. 2007లో ఆర్కిటిక్ సిస్టమ్స్ కేసులో, భర్త సంపాదించి పెడుతున్న కంపెనీలో సగం వాటా ఉన్న భార్యకు వెళ్లిన డివిడెండ్‌ను భర్త ఆదాయంగా లెక్కించాలన్న పన్నుల శాఖ వాదన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో నిలవలేదు. అవి ఓటు హక్కు, ఆస్తిలో భాగం ఉన్న మామూలు వాటాలు కావడం అందుకు కీలకం. జీతం సంగతి వేరు. ఇన్‌వాయిస్‌లు పంపడం, పద్దులు రాయడం వంటి పని ఆమె నిజంగా చేయాలి, జీతం ఆ పనికి తగినట్టు ఉండాలి.

వచ్చినదాంట్లో 85 శాతమో 90 శాతమో చేతికి ఇస్తామనే పథకాలవాళ్లు ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నారు. జీతాన్ని అప్పు పేరుతో ఇచ్చిన అలాంటి పథకాల్లో చేరినవారిపై ప్రభుత్వం 2019లో లోన్ ఛార్జ్ (ఆ అప్పులను ఆదాయంగా లెక్కించి వేసే పన్ను) విధించింది. పథకం నడిపినవారు ఫీజు తీసుకుని తప్పుకున్నారు, బాకీ సంతకం పెట్టిన కాంట్రాక్టరు ఇంటికి వచ్చింది.

ఇంత చెప్పాక కంపెనీ ఎందుకు అని అడిగితే, నా దృష్టిలో అసలు ప్రయోజనం డబ్బును ఎప్పుడు తీసుకోవాలో మీరే నిర్ణయించుకోగలగడం. మన లెక్కలో హయ్యర్ శ్లాబులోకి వెళ్లి 35.75 శాతం పన్ను పడిన భాగం సుమారు 17,700 పౌండ్లు. దాన్ని తీయకుండా కంపెనీలోనే ఉంచి, కాంట్రాక్టు దొరకక ఖాళీగా కూర్చున్న ఏడాదిలో 10.75 శాతం పన్నుతో తీసుకుంటే 4,400కు పైగా మిగులుతుంది. దానికి బదులు లాభం లెక్కించక ముందే కంపెనీ ద్వారా పింఛను నిధికి పంపితే, ఏడాదికి 60,000 పరిమితిలో, కార్పొరేషన్ ట్యాక్స్ కూడా తగ్గుతుంది, నేషనల్ ఇన్సూరెన్స్ ఉండదు. ఆ నిధిలోది మాత్రం 2028 ఏప్రిల్ నుంచి 57 ఏళ్లు నిండితే గానీ చేతికి రాదు, తీసుకునేటప్పుడు దానిలో ఎక్కువ భాగంపై పన్ను ఉంటుంది. ఇంటి అప్పు వాయిదాలు, పిల్లల చదువులు ముందున్న నలభై ఏళ్ల మనిషి ఎంత పింఛనుకు పంపాలో, ఎంత ఖాళీ నెలల కోసం దాచుకోవాలో కంపెనీ పెట్టక ముందే కాగితం మీద వేసుకోవాలి.