బ్రసెల్స్ మీద ఆ నింద సరికాదు

ప్యారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు కారులో బయలుదేరే తెలుగు కుటుంబాలకు ప్రతి వేసవిలోనూ ఒక సలహా అందుతుంది: "బ్రసెల్స్‌లో ఆగకండి. ఒక చిన్న పిల్లాడి బొమ్మ తప్ప అన్నీ ఆఫీసులే. కారు పెట్టుకోవడానికే సగం పూట పోతుంది. శాకాహారులకు ఆలుగడ్డ వేపుడే గతి." ఆ ఊరికి నాలుగుసార్లు వెళ్లాను. ఈ మాట చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది.

బొమ్మ చిన్నదే, అర మీటరు పైచిలుకు. కానీ మనెకెన్ పిస్ అనే ఈ ఉచ్చ పోసే పిల్లాడి బొమ్మ ఒకప్పుడు జనం నీళ్లు పట్టుకోవడానికి పెట్టిన వీధి కుళాయి. 1619లో నగరం ఒక శిల్పికి పురమాయించి చేయించింది. ఇప్పుడు వీధి మూలన ఉన్నది నకలు, అసలుది నగర మ్యూజియంలో ఉంది. ఈ పిల్లాడికి బట్టలు తొడిగే ఆచారం మూడు వందల ఏళ్లు దాటింది. వెయ్యికి పైగా ఉన్న ఆ దుస్తులకు పక్కనే ప్రత్యేకంగా ఒక మ్యూజియం ఉంది. దాని గడప తొక్కకుండా బొమ్మతో ఫోటో దిగి వెనుదిరిగితే నిరాశ కలగక ఏమవుతుంది?

ఆఫీసులు తప్ప ఏమీ లేవన్న మాట మాత్రం పూర్తిగా అన్యాయం. 1695 ఆగస్టులో ఫ్రెంచి సైన్యం ఫిరంగులు పేల్చి ఈ ఊరి నడిబొడ్డును బూడిద చేసింది. నడిబొడ్డున ఉన్న గ్రాన్ ప్లాస్ అనే చౌకు చుట్టూ ఇళ్లు కూలాయి, టౌన్‌హాల్ శిఖరం నిలిచింది. రొట్టెలవారు, బీరు కాచేవారు, పడవలవారు ఎవరి సంఘం ఇల్లు వారు కొన్నేళ్లలోనే మళ్లీ కట్టుకున్నారు. విలుకాండ్ర సంఘం ఇంటి నెత్తిన, బూడిదలోంచి మళ్లీ లేస్తుందనే ఫీనిక్స్ పక్షి ఇప్పటికీ ఉంది. తల ఎత్తి చూడాలి, అంతే.

తర్వాత ట్రామెక్కి సెయింట్ గిల్స్ పేటకు వెళ్లండి. అక్కడ వాస్తుశిల్పి విక్టర్ హోర్టా తన కోసం కట్టుకున్న ఇల్లు ఉంది. మెట్లెక్కుతుంటే పైకప్పు గాజులోంచి తేనెరంగు వెలుగు దిగుతుంది. ఇనుప కడ్డీలు తీగల్లా మెలికలు తిరుగుతాయి. చివరి మెట్ల దగ్గర ఎదురెదురు అద్దాలు ఆ వెలుగును అంతులేకుండా చూపిస్తాయి. అక్కడ నేను చాలాసేపు కదలలేదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఈ ఊరు తన సంపదను తానే కూల్చుకుంది. హోర్టా కట్టిన ప్రజాభవనాన్ని 1965లో నేలమట్టం చేశారు. పాతవాటిని ఇష్టానుసారం పడగొట్టడాన్ని నగర నిర్మాణ నిపుణులు ఈ ఊరి పేరుతోనే పిలుస్తారు. అలా కూల్చినచోట లేచిన గాజు మేడలను చూసి కోపం వస్తే అది న్యాయమే. దాంతో హోర్టా ఇల్లు మరింత విలువైనదవుతుంది కాని, ఊరు దండగ కాదు.

కారు ఇబ్బంది నిజం. 2018 నుంచి పొగ ఎక్కువ వదిలే పాత వాహనాలకు నగరంలో ప్రవేశం లేదు. విదేశీ నంబరున్న కార్లలో చాలావాటిని ముందుగా నమోదు చేయించాలి. నగర మధ్యంలో పెద్ద రోడ్డు కూడా నడిచేవారిదే. అందుకే శివార్లలో మెట్రో స్టేషను పక్కన ఉన్న పార్కింగులో కారు వదలాలి. ఇది తెలియక ఒంటిగంటకు వచ్చి మూడింటికి వెళ్లిపోయేవారు చూసేది ట్రాఫిక్కునే.

ఇక వేపుడు. దాన్ని రెండుసార్లు వేయిస్తారు, కాగితపు పొట్లంలో వేడివేడిగా ఇస్తారు. చాలా కొట్లలో వాడేది ఎద్దు కొవ్వు. శాకాహారులకు చెప్పాల్సిన అసలు సంగతి ఇది, ఆ సలహాలో అదే లేదు. కొనేముందు అడగండి. మామూలు నూనెలో వేయించే కొట్లూ ఉన్నాయి.