పది క్లాసుల్లో కత్తిని లాక్కోవచ్చట!

మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. "జూడోలో బలంతో పనిలేదు, ఎంత లావు మనిషినైనా ఎత్తి పడేయొచ్చు. ఫిలిప్పీన్స్ కర్రసాము వస్తే కత్తి పట్టినవాడి చేతిలోంచి కత్తి లాక్కోవచ్చు. ఆ కర్రలతోనే వాళ్ళు నావికుడు మాజెల్లాన్‌ని చంపారు. మీ అమ్మాయికి పది క్లాసులు చాలు." ఈ రెండు విద్యలూ కొన్నేళ్ళుగా నేర్చుకుంటున్నవాణ్ణి. ఊరుకోలేక రాస్తున్నాను.

బలంతో పనిలేకపోతే ఒలింపిక్ జూడోలో బరువు విభాగాలెందుకు? మగవాళ్ళకి 60 కిలోల లోపు మొదలుకొని 100 పైన దాకా ఏడు, ఆడవాళ్ళకి 48 లోపు మొదలుకొని 78 పైన దాకా ఏడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బరువు పట్టింపులేని విభాగంలో జపాన్ ఆటగాడు కమినాగాని సొంతగడ్డ మీదే ఓడించిన డచ్చి ఆటగాడు ఆంటన్ గీసింక్ ఎత్తు 1.98 మీటర్లు. ఆయనకి విద్యా ఉంది, ఒళ్ళూ ఉంది. చిన్నవాళ్ళు గెలవరని కాదు. 71 కిలోల విభాగంలో ఆడే కోగా తొషిహికో 1990లో బరువు విభాగాల్లేని అఖిల జపాన్ పోటీలో పెద్దపెద్దవాళ్ళని దాటుకుంటూ ఫైనల్ దాకా వెళ్ళాడు. అక్కడ భారీకాయుడైన ఒగావా చేతిలో ఓడిపోయాడు. ఫార్వర్డ్ చేసేవాళ్ళు మొదటి సగమే చెబుతారు. జూడోలో 'కుజుషి' అంటారు, ఎదుటివాడి తూకం తప్పించడం. అది కుదిరితే తక్కువ బలంతో పనవుతుంది. బలమే అక్కర్లేదని దానర్థం కాదు.

ఇక పది క్లాసుల సంగతి. నా మొదటి పది క్లాసుల్లో నేనెవర్నీ పడేయలేదు, పడ్డాను. గడ్డం ఛాతీకి ఆనించి, అరచేత్తో చాప మీద చరుస్తూ, వెనక్కీ పక్కకీ పడటం. దాని పేరు 'ఉకెమి'. (నిజం చెప్పాలంటే ఇప్పటిదాకా నాకు బాగా అక్కరకొచ్చింది అదే. వానలో మెట్ల మీద జారినప్పుడు తల పగలకుండా కాపాడింది.) 1882లో జూడో మొదలుపెట్టిన కానో జిగోరో జుజుత్సు అనే పాత జపాన్ కుస్తీ విద్యలోని ప్రమాదకరమైన పట్లని సాధన కుస్తీ లోంచి తప్పించాడు. అందుకే 'రందోరి' అనే ఆ సాధన కుస్తీలో మనకి లొంగని మనిషి మీద పూర్తి బలంతో ప్రయత్నించే వీలుంది. జూడో పనిచేసేది ఆ సాధన వల్లే. అదే నెలల తరబడి చేయాలి.

కత్తి మాటే అన్నిటికన్నా ప్రమాదం. ఆర్నిస్, ఎస్క్రిమా అనే ఈ ఫిలిప్పీన్స్ కర్రసాములో వాడేది సుమారు 28 అంగుళాల పేము బెత్తం. రెండేసి బెత్తాలతో ఇద్దరు ఎదురెదురుగా చేసే 'సినవాలి' చూస్తే మన కోలాటం గుర్తొస్తుంది. పోలిక పైపైదే అయినా ఒక సంగతి తేల్చేస్తుంది: తరవాతి దెబ్బ ఎటునుంచి వస్తుందో ఇద్దరికీ ముందే తెలుసు. ఆయుధం లాక్కునే పాఠాలూ అంతే. జోడీ ఒక్క దెబ్బ వేసి, మనకోసం బెత్తాన్ని గాల్లో ఆపి ఉంచుతాడు. బెత్తాన్ని పట్టుకోవచ్చు, కత్తి అంచుని పట్టుకోగలమా? పొడిచినవాడు చెయ్యి అక్కడే ఉంచడు, వెనక్కి లాక్కుని మళ్ళీ పొడుస్తాడు. అందుకే ఆ విద్యలో దూరంగా నిలబడి, ఆయుధం పట్టిన చేతినే కొట్టమంటారు. పాము కోరలు పీకడమంటారు దాన్ని. చేతిలో బెత్తం లేకపోతే పరుగే మేలు.

మాజెల్లాన్ కథ రెండు ముక్కల్లో తేలిపోతుంది. 1521 ఏప్రిల్ 27న ఫిలిప్పీన్స్‌లోని మక్తాన్ దీవిలో జరిగిన ఆ పోరులో స్వయంగా ఉన్న, మాజెల్లాన్ వెంట వెళ్ళిన పిగఫెట్టా రాసింది వెదురు ఈటెల గురించి, నిప్పులో కాల్చి గట్టిపరిచిన కొయ్యల గురించి, కాలు మీద పడ్డ పెద్ద కత్తి వేటు గురించి. ఏ కర్రసాము పేరూ అందులో లేదు. ఆర్నిస్, ఎస్క్రిమా అన్నవి స్పానిష్ నుంచి వచ్చిన మాటలు, అంటే స్పెయిన్‌వాళ్ళు వచ్చాక పడ్డ పేర్లు. 2009లో చట్టం చేసి మరీ జాతీయ యుద్ధవిద్యగా, క్రీడగా ప్రకటించుకున్న విద్యకి ఈ అతుకు కథ దేనికి?

"అయితే మా పాపని చేర్పించొద్దా అన్నా?" అని గ్రూపులో ఒకాయన అడిగాడు. చేర్పించండి. చేర్పించే ముందు, రందోరి వారానికి ఎన్ని రోజులు ఉంటుందో, బెత్తాల పోటీకి హెల్మెట్ పెడతారో లేదో కనుక్కోండి. మొదటి నెల పాప ఇంటికొచ్చి "ఇవాళ కూడా పడటమే నేర్పారు" అని మూతి ముడిస్తే, క్లాసు సరిగ్గా నడుస్తున్నట్టే.