కొత్తగా ఛార్జి తీసుకున్న చేప

ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన పెద్దాఫీసరు మొదటి మూడు రోజులు గది తలుపు తీయడు. టీ పంపిస్తే తాగడు. నాలుగో రోజు బల్ల ఇటు, బీరువా అటు జరిపిస్తాడు. ఐదో రోజు నుంచి కరుస్తాడు. దీన్ని ఎవరూ వింత ప్రవర్తన అనరు, పరిపాలన అంటారు. అదే పని మా ఇంట్లో బెత్తెడు క్లౌన్ ట్రిగ్గర్ చేప చేస్తే మాత్రం ఇంటిల్లిపాదికీ టెన్షన్.

మాది విశాఖపట్నం. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. అయినా ఉప్పునీళ్ల అక్వేరియం కోసం, వంట ఉప్పు కాదు, అక్వేరియాలకనే అమ్మే సముద్రపు ఉప్పు ప్యాకెట్ కొని, లీటరుకి 35 గ్రాముల చొప్పున 400 లీటర్ల ఫిల్టర్ నీళ్లలో 14 కిలోలు కలిపాను. ఒడ్డు దగ్గరి నీళ్లలో ఏమేం కలుస్తాయో మనకి తెలియనిది కాదు కదా. మా ఆవిడ సముద్రం వైపు చూసింది, నా బకెట్ వైపు చూసింది, ఏమీ అనలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ నన్ను అంత గట్టిగా ఎప్పుడూ తిట్టలేదు.

చేప అందగాడే. నల్లటి ఒళ్లు, పొట్ట మీద ముగ్గుచుక్కల్లా పెద్ద తెల్ల మచ్చలు, మూతికి పసుపు పూసినట్టు. మొదటి రాత్రే రాళ్ల సందులో దూరి, పక్కకి ఒరిగి, కదలడం మానేసింది. పోయిందనుకుని లాగబోయాను. రాలేదు. వీపు మీది మొదటి ముల్లు నిటారుగా లేచి సందులో బిగుసుకుంది. దాని వెనకున్న చిన్న ముల్లు గడియ వేసేసింది. ఆ చిన్నది వాలితేగానీ పెద్దది దిగదు. తుపాకీ మీటలా పనిచేస్తుందనే ట్రిగ్గర్ అన్నారు. సీటుకి ఇంత గట్టిగా అతుక్కునే ఏర్పాటు దేవుడు ఒక్క చేపకే ఇచ్చాడంటే నాకు నమ్మకం కుదరలేదు.

"దిష్టి తగిలిందిరా" అని మా అమ్మ స్టాండుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. నేను టెస్ట్ కిట్ తీశాను. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, వేడి 26 డిగ్రీలు. నీళ్లు నిర్దోషి అని తేలడంతో కేసు చేప మీదికే వచ్చింది. రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటూ ఆయాసపడుతుంటే రోగమని అనుమానించాలి. దీనికి ఆ లక్షణాలు లేవు. "కొత్త చోటు కదా సార్, లైటు తగ్గించి నాలుగు రోజులు వదిలెయ్యండి" అన్నాడు అమ్మిన కుర్రాడు. వదిలెయ్యడమనేది మా ఇంటా వంటా లేదు.

నాలుగో రోజు బయటికొచ్చి, నేను రెండు ఆదివారాలు కూర్చుని పేర్చిన రాళ్లన్నీ మార్చేసింది. తర్వాత అద్దంలో తన ప్రతిబింబం చూసుకుని, లేని ప్రతిపక్షంతో రెండు రోజులు పోరాడింది. పక్క అద్దానికి కాగితం అంటించాక సభ సద్దుమణిగింది. ఇక పంపు వైరు కొరకడం మొదలైంది. దానికి ప్లాస్టిక్ గొట్టం తొడిగాను.

ఉమ్మడం గురించి కూడా చెప్పాలి. సముద్రంలో ట్రిగ్గర్లు నోటితో నీళ్లు చిమ్మి, ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్‌ను తలకిందులు చేసి, ముళ్లు తక్కువున్న అడుగు వైపు నుంచి తింటాయి. మా ఇంట్లో సీ అర్చిన్ లేదు, నా ఇస్త్రీ చొక్కా ఉంది.

ఈ జాతికి పలుకుబడి తక్కువేం కాదు. దీని చుట్టం ఒకటి హవాయి రాష్ట్ర చేప. దాని పేరు 'హుముహుమునుకునుకు' దాకా వచ్చి, ఇంకా అయిపోదు. 1985లో ఐదేళ్లకని ఇచ్చిన హోదాను 2006లో శాశ్వతం చేశారు. కాంట్రాక్టు ఉద్యోగులు ఇది చదవకపోవడం మంచిది.

ఇప్పుడు రోజూ రొయ్యలు తింటోంది, పెద్దవే. దీని రెండు కళ్లూ విడివిడిగా తిరుగుతాయి కాబట్టి ఒకటి రొయ్య మీద, ఒకటి నా వేలు మీద ఉంటుంది.

నిన్న మా ఆవిడ మౌనం వీడింది. "ఏవండీ, ఇది అరమీటరు దాకా పెరుగుతుందటగా. అప్పటికి పెద్ద తొట్టి కావాలి. మరి సోఫా ఎక్కడ వేస్తాం?"

"అదే చెబుతుందిలే" అన్నాను.