ప్రాణహిత లెక్కలూ ఒకచోటికి రావాలి

నాసా చొరవతో 1998లో మొదలైన ఎర్త్ సైన్స్ డేటా భాగస్వామ్యంలో (భూమి, నీరు, వాతావరణ సమాచారాన్ని సంస్థలు పంచుకునే వేదిక) మరిన్ని పరిశోధన సంస్థలు చేరాయన్న వార్త చదివి చాలా సంతోషమేసింది.

మాది మహారాష్ట్రలోని సిరొంచ. వార్ధా, వైన్‌గంగ కలిసి ఏర్పడిన ప్రాణహిత ఇక్కడే గోదావరిలో కలుస్తుంది. విదర్భలో వానలు పడితే మాకు టెన్షన్. 2022 జూలై వరదను ఎవరం మరిచిపోలేదు. ప్రాణహిత మీద టేక్రా దగ్గర కేంద్ర జల సంఘం ప్రవాహాన్ని క్యూమెక్కుల్లో (సెకనుకు ఘనపు మీటర్లు) లెక్కిస్తుంది. దిగువన గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ అంకెలు క్యూసెక్కుల్లో (సెకనుకు ఘనపు అడుగులు) వస్తాయి. ఒక క్యూమెక్కు అంటే సుమారు 35 క్యూసెక్కులు! ఒడ్డు మీది మోటారు విప్పుకోవాలా వద్దా అని అర్ధరాత్రి ఫోన్‌లో ఈ రెండూ చూసే రైతుకు ఏం అర్థమవుతుంది?

సంస్థలు చేరితే సరిపోదు. కొలత, సమయం, గేజీ ఎత్తు (నది నీటిమట్టం) అందరూ ఒకే పద్ధతిలో నమోదు చేయాలి. మూడు రాష్ట్రాల గోదావరి డేటాతోనే అది మొదలుపెట్టాలని నా విన్నపం.