గట్టి పన్నును అరగదీసే ముందు చెప్పాల్సిన మాట

ఊడిన పన్ను స్థానంలో మామూలు బ్రిడ్జి, అంటే పక్క పళ్ళ ఆసరాతో నిలిచే కట్టుడు పన్ను, వేయాలంటే దానికి అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళను అరగదీయాలి. ఈ సంగతి పళ్ళ డాక్టర్లందరికీ తెలుసు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న మనిషికి మాత్రం చాలాసార్లు తెలియదు. నా కోపమంతా దాని మీదే.

మా దర్శి వైపు దీనికి తోడు ఇంకో బాధ ఉంది. మావి ఫ్లోరైడ్ పళ్ళు. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో దాని గురించి మొట్టమొదట 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా జనాన్ని చూసే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేవి, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. అంతకు మించిన బోరు నీళ్ళే తాగి పెరిగిన తరాలు మావి. చిన్నతనంలో చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఆ మచ్చ పడిపోతుంది, తర్వాత ఎంత తోమినా పోదు. పెళ్ళిచూపుల్లో నవ్వమంటే పెదాలు బిగించుకునే పిల్లలు మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఈ సిగ్గును ఆసరా చేసుకుంటున్నారు కొందరు. మా అమ్మకు కింది దవడ పన్ను పుచ్చిపోతే పీకించాం. చిగురు మానాక ఒంగోలులో ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు చూసీ చూడగానే అన్న మాట ఇది: "ఎలాగూ ఫ్లోరైడ్ పళ్ళే కదమ్మా, పక్కవాటికి కూడా క్యాప్ వేస్తే తెల్లగా ఉంటాయి." అమ్మ సరేనంది. ఆ పక్క పళ్ళు రెండూ పచ్చగా ఉన్నాయి, నిజమే. కానీ కదల్లేదు, పుచ్చలేదు, ఏనాడూ నొప్పి పుట్టలేదు. వాటితోనే ఇన్నేళ్ళూ జంతికలు కరకరా నమిలింది. అరగదీశాక అద్దంలో చూసుకుంటే రెండూ చిన్న మేకుల్లా మిగిలాయి. "ఇంత తీసేస్తారని చెప్పలేదేందిరా" అని నన్ను అడిగింది. ఆ మాట ముందే చెప్పాల్సింది డాక్టరు.

పంటి మీద రంగు వేరు, పంటి బలం వేరు. ఫ్లోరోసిస్ బాగా ముదిరితే పైపొర గుంటలు పడి పెచ్చులు లేస్తుంది, అది నేను కాదనను. కానీ ఊరికే పచ్చబడిన పన్ను చెడిపోయిన పన్ను కాదు. క్యాప్ కూర్చోవడానికి చుట్టూ, పైనా ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా తీసేస్తారు. అంటే పంటికి కవచంలా ఉండే ఎనామెల్ చాలావరకు పోతుంది. ఎనామెల్ గోరులాగా మళ్ళీ పెరగదు. అరగదీసిన పళ్ళలో కొన్నింటికి లోపలి నరం దెబ్బతిని, కొన్నేళ్ళకు రూట్ కెనాల్ దాకా వెళ్ళాల్సి వస్తుంది. రెండు పళ్ళకు వేసిన క్యాపులూ, మధ్యలో వేలాడే ఉత్త పన్నూ అంతా ఒకే ముక్క కాబట్టి, ఒక వైపు పుచ్చు పట్టిందంటే చాలాసార్లు మొత్తం కోసి తీయాల్సిందే. బాగా చూసుకుంటే పది పదిహేనేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. "జీవితాంతం ఢోకా లేదు" అని చెప్పి పంపడం మోసం.

అలాగని ఖాళీ వదిలేయమని నేను చెప్పడం లేదు. వదిలేస్తే పక్క పన్ను ఆ సందులోకి ఒరుగుతుంది, పై దవడ పన్ను కిందికి దిగుతుంది, నమలడమంతా ఒక వైపుకే పడుతుంది. పక్క పళ్ళకు ముందే రూట్ కెనాల్ అయి క్యాప్ అవసరమున్న వాళ్ళకు, పెద్ద పెద్ద సిమెంటులు పెట్టించుకున్న వాళ్ళకు బ్రిడ్జి చక్కని వైద్యం. ఎముకలో టైటానియం మర బిగించి పన్ను పెట్టే ఇంప్లాంట్‌కు ఖర్చు ఎక్కువ, నెలల తరబడి ఆగాలి, షుగర్ అదుపులో లేకపోతే ఇబ్బంది. కానీ పక్క పళ్ళ జోలికి పోదు. తీసి పెట్టుకునే కట్టుడు పన్నూ ఉంది. ముందు పన్ను ఒక్కటే పోతే, పక్కవాటిని పెద్దగా గీకకుండా వెనక నుంచి రెక్కతో అతికించే బ్రిడ్జి కూడా ఉంది. ఇవన్నీ చెప్పడానికి పది నిమిషాలు పట్టదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ మండేది శుభ్రం సంగతి. అమ్మకు బ్రిడ్జి అతికించి, బిల్లు తీసుకుని పంపేశారు. దాని కింద ఎలా కడగాలో ఒక్కరూ చెప్పలేదు. బ్రష్ అక్కడికి పోదు. పళ్ళ సందులు శుభ్రం చేసే మామూలు దారం (ఫ్లాస్) పైనుంచి దిగదు, క్యాపులు అతుక్కుని ఉంటాయి గనుక. దానికి వేరే దారం ఉంది: ఒక కొస గట్టిగా పుల్లలా ఉంటుంది, మధ్యలో దూదిలా ఉబ్బి ఉంటుంది. ఆ కొసను బుగ్గ వైపు నుంచి, ఉత్త పన్నుకూ చిగురుకూ మధ్య దూర్చి నాలుక వైపు లాగాలి. తర్వాత ఉబ్బిన భాగంతో ముందుకూ వెనక్కీ రుద్దాలి. రెండు వైపులా క్యాపు అంచు చిగురును తాకే చోట కూడా. మొదటిసారి అమ్మకు నేను చేసి పెట్టినప్పుడు దారం ఎర్రగా, భరించలేని వాసనతో బయటికొచ్చింది. రోజూ చేస్తుంటే రక్తం ఆగింది, వాసన పోయింది. పుచ్చు మొదలయ్యేది సరిగ్గా ఆ అంచు దగ్గరే. వేలకు వేలు తీసుకున్న చోట ఈ దారం చేతికిచ్చి, అద్దం ముందు ఒకసారి చేయించి పంపితే వాళ్ళకు పోయేదేముంది?

ఇక రోడ్డు పక్కన, కూర్చోబెట్టి గంటలో ఫిక్స్‌డ్ పళ్ళు పెట్టేవాళ్ళ సంగతి. పక్క పళ్ళకు తీగ చుట్టి, పొడీ ద్రవం కలిపిన ప్లాస్టిక్ ముద్ద మెత్తి, చిగురు మీదే గట్టిపడనిస్తారు. కింద అన్నం మెతుకులు కుళ్ళి చిగురు వాచి, బాగున్న పళ్ళు కూడా ఊగుతాయి. రిజిస్ట్రేషన్ లేకుండా పళ్ళ వైద్యం చేయకూడదని 1948 నుంచీ చట్టం ఉంది. అయినా జనం వెళ్తారు, వాళ్ళను తిట్టడానికి నాకు మనసొప్పదు. ప్రభుత్వ డెంటల్ కాలేజీ కావాలంటే విజయవాడకో కడపకో పోవాలి. కూలి పని మానుకుని దర్శి నుంచి అన్నిసార్లు ఎవరు తిరగగలరు? జిల్లాకొకటి కాకపోయినా, ఒంగోలు, నెల్లూరు రెంటికీ కలిపి ఒకటైనా పెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగించిన ప్రభుత్వాలు మా పళ్ళకు ఆమాత్రం బాకీ ఉన్నాయి.

అంతదాకా, బ్రిడ్జికి వెళ్ళే అమ్మలూ అన్నలూ, మీరే అడగండి. ముందు ఎక్స్‌రే తీయించి పక్క పళ్ళ వేళ్ళు ఎలా ఉన్నాయో చూపించమనండి. వాటిని ఎంత అరగదీస్తారో, ఎందుకో, అరగదీయకుండా కుదిరే దారేముందో చెప్పమనండి. పచ్చగా ఉన్నాయన్నది ఒక్కటే కారణమైతే ఒప్పుకోకండి. చెప్పే తీరిక లేదన్న చోట కుర్చీలోంచి లేచి వచ్చేసి, ఇంకో డాక్టరుకు చూపించుకోండి.